ఆరమంటారా?

పొద్దున్నే అత్తగారు ఫోనును చెయ్యి చాచినంత దూరం పట్టుకుని, కళ్ళద్దాలు ముక్కు కొసకు దించుకుని, వంటింటి గుమ్మంలో నిలబడింది.

"అమ్మాయీ, నా ఫోనులోకి ఎవరో జొరబడి సామానంతా సర్దేసి పోయారే!"

కోడలు క్యారేజీ మూత బిగిస్తూ నవ్వింది. "ఎవరో కాదు అత్తయ్యా, మా ఆఫీసు వాళ్ళమే. యాప్ కొత్తది వచ్చింది. మీ ఫోనులోకి దానంతటదే ఎక్కేసింది."

"మీటలన్నీ అరిగిపోయిన సబ్బుబిళ్ళల్లా అయిపోయాయి. పైగా అన్నిటికీ ఒకటే రంగు. ఎర్రది ఒకటుండేది కదా, దాని జోలికి పోవద్దనేదానివి, అదేదీ?"

"అదీ ఉంది. రంగులు ఇంకా వెయ్యలేదు. వచ్చే వారం వేస్తాం."

"అంటే సున్నమైనా వెయ్యకుండా కాపురానికి దింపేశారన్నమాట!"

పక్క గదిలోంచి మామగారి గొంతు సన్నగా వచ్చింది. ఆయన ఒక్కో మాటకీ ఆగి ఊపిరి తీసుకుని మాట్లాడతారు. "ఫోనుతో... పరాచికాలు వద్దని చెప్పమ్మా. నా ఊపిరి... మీ అత్తగారి బొటనవేలి కింద ఉంది."

"కొత్తగా ఇవాళే తెలిసినట్టు!" అంది అత్తగారు.

మాట సరదాగా అన్నా అందులో అబద్ధం లేదు. కోత మిల్లులో ఏళ్ళ తరబడి రంపం పక్కన నిలబడి చెక్కపొట్టు మింగిన ఊపిరితిత్తులు ఆయనవి. ఇప్పుడవి సొంతంగా పనిచెయ్యలేవు. గాలిలోంచి ఆక్సిజన్ వడగట్టి ఇచ్చే యంత్రం ఒకటి ఇంట్లో పెట్టారు. అది రోజంతా మూలుగుతూ ఉంటుంది కాబట్టి వెనక వరండాలోకి నెట్టి తలుపు వేసేశారు. దాన్నుంచి ఒక సన్నటి గొట్టం కిటికీలోంచి లోపలికొచ్చి, గోడ వెంబడే పాకి, మంచం దాకా వెళ్ళి, ఆయన ముక్కు దగ్గర ఆగుతుంది. అత్తగారు మోకాళ్ళ నొప్పుల మనిషి, మాటిమాటికీ వరండాలోకి నడవలేదని, ఆ యంత్రాన్ని కోడలి కంపెనీ చేసిన యాప్ ద్వారా ఆవిడ ఫోనుతో కలిపారు. అది ఒక్క ఫోను మాటే వింటుంది. ఇంట్లో ఒకరు పెంచి ఇంకొకరు తగ్గించకుండా ఆ కట్టడి. కొడుకుది సరుకు లారీల వెంట ఊళ్ళు తిరిగే పని, కోడలిది ఆఫీసు. పగలంతా ఇంట్లో ఉండేది అత్తగారే గనక ఆ ఒక్క ఫోనూ ఆవిడదే అయింది.

యంత్రం పెట్టిన రోజున డాక్టరు ఒక మాట చెప్పి వెళ్ళాడు. "ఆయన ఆయాసపడితే కంగారు పడకండి, ఆయాసపడే మనిషికి ఇంకా ఓపిక ఉన్నట్టే. గాలి అందకుండా హాయిగా నిద్రపోయారనుకోండి, అప్పుడు భయపడండి."

కోడలు బూట్లు వేసుకుంటూ గుర్తు చేసింది. "అత్తయ్యా, మధ్యాహ్నం నర్సమ్మ ఫోన్ చేస్తుంది. నిన్న చూసినప్పుడు మామయ్యకి నాలుగు లీటర్ల గాలి చాలడం లేదట, ఆరుకి పెట్టాలంది. ఆవిడ చెప్పినప్పుడు పెట్టండి, ముందే పెట్టకండి."

"ఆరు. నాకు తెలీదా ఏమిటి? లెక్కలు నీ దగ్గర నేర్చుకున్నవి కావు. అక్షరాలైతే నీ దగ్గర నేర్చుకున్నాను, ఒప్పుకుంటాను."

అదీ నిజమే. మామగారికి జబ్బు చేసేదాకా అత్తగారికి ఓనమాలు రావు. మందుల అట్ట మీద ఏముందో ప్రతిసారీ ఒకరిని అడగాల్సి రావడం ఆవిడకు నామోషీ అనిపించింది. ఆ అట్టలే పలకగా కోడలు నేర్పింది. గుణింతాలు కుదిరాయి, ఒత్తులు కుదిరాయి. ఇప్పటికీ ఆవిడ చదివేటప్పుడు ఒక్కో అక్షరాన్నీ పెదాల మీదకు తెచ్చుకుని, కూడబలుక్కుని, ఆ తరవాతే మాట చేస్తుంది. గోడ మీద కాగితం కనిపిస్తే చాలు, చదవకుండా దాటదు.

అంతెందుకు, ఆ యాప్‌లో ఉన్న ఒక మాట కూడా ఆవిడ పెట్టినదే. మొదట్లో యంత్రం ఆపే మీటకు కోడలి కంపెనీ వాళ్ళు "నిలుపుదల" అని రాశారు. అత్తగారు దాన్ని కూడబలుక్కుని చదివి పకపకా నవ్వింది. "ఇదేం మాటే? బస్సు స్టాండు బోర్డులా ఉంది. ఇళ్ళల్లో ఎవరైనా నిలుపుదల అంటారా? యంత్రం మీద పచ్చ దీపం ఉంది కదా. దీపాన్ని ఏం చేస్తాం? ఆర్పుతాం. ఆర్పు అని రాయి." కోడలికి ఆ మాట నచ్చింది. మీట మీద "ఆర్పు" అని రాసింది. చెయ్యి తగిలి పొరపాటున నొక్కితే అడగడానికి "ఆర్పమంటారా?" అని రాసింది. ఆపాక కనిపించేందుకు "ఆర్పేశాం" అని రాసింది. ఆఫీసులో అందరూ బాగుందన్నారు. వాడేవాళ్ళూ బాగుందన్నారు. ఎర్ర మీట మీద తన మాట చూసుకుని అత్తగారు మురిసిపోయింది గాని, దాన్ని ఒక్కసారీ నొక్కే అవసరం రాలేదు. ఆ యంత్రాన్ని ఎవరు ఆర్పుతారు?

కోడలి ఆఫీసు ఒక మేడ మీద పొడుగాటి హాలు. కిటికీల పక్కన బల్లలు, బల్లల మీద తెరలు, ఒక మూల నీళ్ళ డబ్బా. అక్కడ పెద్దాయనను అందరూ మేస్త్రి అంటారు. ఏ సంగతైనా ఇల్లు కట్టే భాషలో తప్ప చెప్పడు కాబట్టి ఆ పేరొచ్చింది. తయారైన యాప్‌ను పరీక్షించి తప్పులు పట్టే అమ్మాయిని డేగ అంటారు.

రోగులకు మందులు గుర్తు చేసి, ఇంట్లో యంత్రాలనూ నడిపే ఈ కొత్త యాప్ కోసం వాళ్ళు చాలా వారాలు కష్టపడ్డారు. యాప్‌లో కొత్తగా చేర్చింది ఏమీ లేదు. యాప్ ఏ ఫ్రేమ్‌వర్క్ మీద నిలబడి ఉందో అది మారింది. మేస్త్రి దాన్ని ఇలా చెప్పేవాడు: "ఇల్లు మనం కట్టాం, ఇటుకలు వాళ్ళవి. మీట ఎంత లావుండాలి, అక్షరం ఎక్కడ కూర్చోవాలి, వేలు తగిలితే ఏం జరగాలి, అన్నీ ఆ ఇటుకల్లోనే ఉంటాయి. ఇప్పుడు వాళ్ళు ఇటుక కొలత మార్చేశారు. పాత ఇటుకల ఇళ్ళను, ఫోనుల్లోకి యాప్‌లు ఇచ్చే దుకాణం వాళ్ళు ఈ నెల దాటాక ఉండనివ్వరట. కాబట్టి మనుషులు లోపల కాపురం ఉండగానే గోడలు విప్పి మళ్ళీ కట్టాలి."

అలా మారినప్పుడు పాత రాత కొత్తదానితో పొసగక విరిగిపోయే చోట్లను ఆ పనివాళ్ళు బ్రేకింగ్ చేంజెస్ అంటారు. మేస్త్రి వాటికి విరుపులు అని పేరు పెట్టాడు. వాటిలో నూటికి తొంభై కేకలు పెట్టే రకం. కంప్యూటరే వాటి కింద ఎర్ర గీత గీసి చూపిస్తుంది, సరిచేసేదాకా ముందుకు పోనివ్వదు. కోడలు వాటన్నిటినీ ఒక్కొక్కటిగా సరిచేసింది. ఎర్ర గీతలన్నీ పోయాయి. రంగులు పోయాయని మాత్రం చూసింది. కొత్త ఫ్రేమ్‌వర్క్ అన్ని మీటలకూ తనకిష్టమైన లేత ఊదారంగు పులిమేసింది. "రంగుదేముంది, తరవాత వేద్దాం, ముందు గడువు దాటకూడదు" అన్నాడు మేస్త్రి. కోడలు సరేనంది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక డేగ తన కుర్చీలోంచి గట్టిగా నవ్వింది.

"వినండర్రా, ఒకాయన రాశాడు. 'అయ్యా, మీ యాప్ నాకు మందులు గుర్తు చేస్తుంది, సంతోషం. పొద్దున్నుంచీ దాంట్లో రాతి మాత అని వస్తోంది. ఈ తల్లి ఎవరు? ఈవిడను భోజనానికి ముందు మింగాలా, తరవాతా?'"

హాలంతా గొల్లుమంది.

"రాతి మాత ఏమిటి?" అన్నాడు మేస్త్రి, చేతిలో టీ కప్పుతో వస్తూ.

"రాత్రి మాత్ర. రెండింటికీ కిందనున్న ఒత్తులు ఎగిరిపోయాయి. నా ఫోనులో మాత్రం బ్రహ్మాండంగా ఉంది. ఇదిగో, ఆయన ఫొటో కూడా పంపాడు."

కోడలు కూడా నవ్వుతూనే లేచి డేగ భుజం మీదుగా చూసింది. ఫొటోలో అక్షరాలు చాలా పెద్దవిగా ఉన్నాయి. చూపు ఆననివాళ్ళు ఫోనులో అక్షరాలను పెద్దవి చేసుకుంటారే, అలాగ. పెద్దవైన అక్షరాలు పెట్టెలో పట్టలేదు. కింద వేలాడే ఒత్తులు గీటు పెట్టి కోసినట్టు తెగిపోయాయి. పాత ఫ్రేమ్‌వర్క్‌లో అక్షరం తన పెట్టె దాటినా ఫరవాలేదు, దాటిన ముక్క కూడా కనిపించేది. కొత్తది దాటిన ముక్కను కత్తిరించేస్తుంది. ఆ సంగతి వాళ్ళు ముందే చెప్పారు, కోడలు చదివింది కూడా. పోనీలే, చూడ్డానికి శుభ్రంగా ఉంటుంది అనుకుంది. ఈ విరుపు కేకలు పెట్టే రకం కాదు. దీనికి ఎర్ర గీత లేదు. కిందికి ఒత్తులు వేలాడని భాషలో దీనివల్ల పోయేదీ లేదు.

"పెట్టె ఎత్తు కాస్త పెంచితే సరిపోతుంది," అన్నాడు మేస్త్రి. "రాతి మాతకు ఒక దండం పెట్టి కానివ్వండి."

మళ్ళీ నవ్వులు. కోడలు ఈసారి నవ్వలేదు. అత్తగారి ఫోనులో అక్షరాలను అన్నిటికన్నా పెద్దవి చేసి పెట్టింది తనే.

ఆమె మనసులోనే ఆ తెర తెరిచి ఒక్కో మాటకూ ఒత్తు తీసేసి చూసుకుంది. పెంచు. దానికి ఒత్తు లేదు. తగ్గించు, తగించు అవుతుంది, అర్థం లేకపోయినా ప్రమాదం లేదు. ఆర్పు.

ఆర్పు కింద పావత్తు తీసేస్తే ఆరు.

"టీ చల్లారిపోతోంది..." అంటూ మేస్త్రి ఏదో చెప్తున్నాడు. కోడలు అప్పటికే ఫోను చెవిన పెట్టుకుంది. అత్తగారి నంబరు వేరే కాల్‌లో ఉందని ఒక ఆడగొంతు మెత్తగా చెప్పింది. పెట్టేసి మళ్ళీ చేసింది. అదే గొంతు, అదే మెత్తదనం.

"ఏమైంది?" అంది డేగ.

"ఆర్పు ఆరు అవుతుంది. మా అత్తగారు ఇవాళ ఆరుకి పెట్టాలి. ఆరు కోసం వెతుక్కుంటూ ఉంటారు." అంది కోడలు. "మీట ఎర్రగా కూడా లేదు."

డేగ మొహంలో నవ్వు ఆగిపోయింది. తన ఫోనులో అక్షరాలను పెద్దవి చేసి యాప్ తెరిచింది. మీట మీద ఆ, దాని పక్కన రు. ఒత్తు పైకొస మాత్రం సన్నటి ముల్లులా పక్కన మిగిలింది. తెలియనివాళ్ళు దాన్ని రు కొమ్ము తోక అనుకుంటారు.

"నొక్కితే ఆర్పమంటారా అని అడుగుతుంది కదా," అన్నాడు మేస్త్రి. "అప్పుడైనా తెలుస్తుంది."

డేగ నొక్కింది. తెర మీద పెద్ద అక్షరాలు లేచాయి.

ఆరమంటారా?

కోడలు మూడోసారి ఫోన్ చేసింది. ఈసారి మోగింది. మోగుతూనే ఉంది. చివరికి అత్తగారి గొంతు వచ్చింది, మంచి హుషారు మీద ఉంది.

"ఏమిటే, ఆఫీసులో పని లేదా నీకు?"

"అత్తయ్యా, నర్సమ్మ ఫోన్ చేసిందా?"

"చెయ్యడమూ అయింది, పని కావడమూ అయింది. ఇదిగో, నువ్వు మంచి పని చేశావే. ఇదివరకు పెంచు పెంచు అని వేలరిగిపోయేది. ఆరుకి విడిగా ఒక మీట పెట్టావు చూడూ! నొక్కగానే ఎంత మర్యాదగా అడిగిందనుకున్నావ్? ఆరమంటారా, అంది. అవునన్నాను. ఆరేశాం, అంది. మీ మామయ్య ఇన్నేళ్ళ కాపురంలో ఒక్కనాడు నాతో అంత మర్యాదగా మాట్లాడి ఎరగరు. మా చెల్లెలికి ఇదే చెప్తున్నాను ఇంతసేపూ."

ఇంతసేపూ. కోడలు బల్ల అంచు పట్టుకుంది. "మామయ్య ఏం చేస్తున్నారు?"

"నిద్రపోతున్నారు. గాలి పెరిగింది కదా, సుఖంగా ఉన్నట్టుంది. నేను వంటింట్లో మాట్లాడుకుంటున్నా ఒక్క విసుగు లేదు, ఒక్క దగ్గు లేదు. ఎన్నాళ్ళకి ఇంత హాయిగా..."

అత్తగారు ఆ మాట దగ్గర ఆగిపోయింది. హాయిగా అన్న మాటను తన నోటితో తనే విన్నట్టుంది. డాక్టరు చెప్పినప్పుడు ఆవిడా అక్కడే ఉంది.

"అమ్మాయీ?" అంది. గొంతులో హుషారు లేదు.

"అత్తయ్యా, నేను చెప్పేది వినండి. యంత్రం ఆగిపోయింది. ఒకసారి ఆగితే అది ఫోను మాట వినదు. ఫోను పెట్టెయ్యకండి, చేత్తో పట్టుకునే వరండాలోకి నడవండి."

"ఆయన్ని లేపి..."

"వద్దు. ముందు యంత్రం. నడవండి."

ఫోనులో చెప్పుల చప్పుడు వినిపించింది. గబగబా కాదు. ఆ మోకాళ్ళతో గబగబా నడవడం కుదరదు. ఒక అడుగు, ఒక ఊపిరి, గోడ మీద అరచెయ్యి రాసుకుంటున్న చప్పుడు. కోడలు కళ్ళు మూసుకుని ఆ ఇంట్లో నడిచింది. వంటింటి గుమ్మం. భోజనాల బల్ల. బట్టల బీరువా. వరండా తలుపు.

అప్పుడు మేస్త్రి ఆమె ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. టీ కప్పు ఎక్కడ పెట్టాడో లేదు. గొంతు తగ్గించి అన్నాడు: "కొత్త యాప్ వెనక్కి తియ్యాలంటే దుకాణం వాళ్ళు ఒప్పుకోవాలి, సాయంత్రం దాకా పడుతుంది. మాటలూ రంగులూ మాత్రం మన దగ్గరే ఉన్నాయి. తెర తెరిచిన ప్రతిసారీ ఫోను మన దగ్గరికొచ్చి అవి తీసుకెళ్తుంది. ముందు మాట మార్చేస్తా. ఇలాంటి ఇళ్ళు ఇంకా ఎన్నున్నాయో! ఏం రాయను, చెప్పు."

కోడలు ఫోను ఒక చెవిన పెట్టుకుని ఆయన వైపు చూసింది. ఒత్తు లేని మాట కావాలి. ఒత్తు లేని మాట.

ఫోనులో ఇనుము కొట్టుకున్న చప్పుడు. "గడియ రావడం లేదే. బిగుసుకుపోయింది."

"తలుపు మీ వైపు లాగిపట్టి, అప్పుడు గడియ కదపండి అత్తయ్యా."

"లాగుతున్నా... రాదే..."

"నిలుపుదల," అంది కోడలు మేస్త్రితో. "నిలుపుదల అని రాయండి."

ఆయన వేళ్ళు మీటల మీద టకటకలాడాయి. "అడిగేదానికి? యంత్రం ఆపాలా..."

"యంత్రం వద్దు, దానికి ఒత్తుంది!"

"అవును, అవును. మరి?"

"గాలి," అంది డేగ. "గాలి ఆగిపోతుంది, సరేనా. దానికి ఒత్తు లేదు."

ఫోనులో గడియ ఒక్కసారిగా ఊడివచ్చిన చప్పుడైంది. తలుపు గోడకు కొట్టుకుంది. ఎప్పుడు తలుపు తీసినా చెవుల్లో జోరీగలా దూరే ఆ మూలుగు వినబడలేదు. ఎక్కడో దూరాన బండి హారను వినిపించింది, అంతే.

"పచ్చ దీపం లేదే," అంది అత్తగారు. గొంతు చిన్నపిల్ల గొంతులా అయిపోయింది. "ఆరిపోయింది. నేనే ఆర్పేశానే."

"అత్తయ్యా, యంత్రం నెత్తిన గుండ్రటి మీట ఉంటుంది, మొదటిరోజు వచ్చినబ్బాయి చూపించాడు. దాన్ని నొక్కి పట్టుకోండి. నేను చెప్పేదాకా వదలకండి."

"నొక్కాను."

"మూలుగుతోందా?"

"లేదు. ఏదో టిక్కుమంది, ఊరుకుంది. విరిగిందేమో..."

"మీరు వదిలేశారు. విరగదు. నా మీద ఒట్టు, విరగదు. గట్టిగా, బరువంతా వేసి నొక్కండి. నా మీద కోపం వచ్చిందనుకుని నొక్కండి."

అవతల అత్తగారి ఊపిరి బరువుగా వినిపిస్తోంది. ఇవతల హాల్లో ఎవరి కుర్చీ కదలడం లేదు. మేస్త్రి పని ముగించి చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. ఎవరో ఫ్యాను కట్టేశారు, చప్పుడు సరిగ్గా వినపడాలని.

టిక్కుమంది. ఆ తరవాత గొంతు సవరించుకున్నట్టు ఒక దగ్గు. ఆ తరవాత మూలుగు మొదలైంది. మొదట సన్నగా, తరవాత నిండుగా.

"పచ్చగా వచ్చింది! అమ్మాయీ, దీపం వచ్చింది!"

"ఇప్పుడు వదలండి. మామయ్య దగ్గరికి వెళ్ళండి. గాలి ఎంత అందుతోందో చూపించే బిళ్ళ వేలికి తొడగండి. పిలవండి."

మళ్ళీ చెప్పుల చప్పుడు. ఈసారి మోకాళ్ళ సంగతి ఆవిడ మరిచిపోయినట్టుంది. "ఏవండీ," అన్న పిలుపు వినిపించింది. మళ్ళీ "ఏవండీ!" మూడోసారి పిలిచినప్పుడు అందులో పిలుపు లేదు, తిట్టే ఉంది. "ఇదిగో, లేస్తారా లేవరా? మీకే చెప్తున్నది! నా మీద ఇంత పెద్ద నింద వేసి పోదామనా?"

కోడలు ఫోనును చెవికి ఎంత గట్టిగా అదిమిందో తరవాత చాలాసేపు ఆ చెవి మండుతూనే ఉంది.

ఫోనులో యంత్రం మూలుగే వినిపించింది. అంతలో నీటి అడుగునుంచి పైకి తేలినట్టు ఒక పొడుగాటి ఊపిరి. దాని వెనకే దగ్గు, తెరలు తెరలుగా దగ్గు. ఆ దగ్గు మధ్యలోంచి మామగారి మాట, ముక్కలు ముక్కలుగా:

"ఏమిటే... ఆ అరుపు... చచ్చినవాణ్ణయినా... పడుకోనివ్వవా?"

అత్తగారు ఏడ్చేసింది. కోడలు ఫోనును బల్ల మీద బోర్లించి, రెండు చేతుల్లో మొహం పెట్టుకుంది. డేగ ఆ ఫోను తీసుకుని నర్సుకు కబురు చేసింది. మేస్త్రి ఫ్యాను మళ్ళీ వేశాడు.

ఆ తరవాత పని చాలా ఉంది. ఒత్తున్న మాటలన్నీ వెతికి తాత్కాలికంగా మార్చారు. ఇలాంటి యంత్రం ఉన్న ఇళ్ళన్నిటికీ ఫోన్లు చేశారు. ఎక్కడా ఇంకెవరూ ఆరు నొక్కలేదు. ఆరుకి పెట్టమని ఆ రోజు ఎవరూ చెప్పకపోవడం వల్లే తప్ప, అందులో వాళ్ళ గొప్ప ఏమీ లేదు. కోడలు మీటలకు రంగులు వేసింది. ఆర్పే మీటకు ముందు వేసింది. "వచ్చే వారం అన్నావు కదా?" అని మేస్త్రి అనలేదు. ఆ వారం అన్న మాట ఇద్దరిదీ.

పొద్దు వాలకముందే ఇల్లు చేరేసరికి నర్సు వచ్చి చూసి వెళ్ళిపోయింది. మామగారు దిళ్ళకు ఆనుకుని కూర్చున్నారు. పెదాలకు రంగు వచ్చింది. అత్తగారు మంచం కాళ్ళ దగ్గర కుర్చీలో ఉంది. ఫోను ఆవిడ చేతిలో లేదు. కిటికీ గట్టు మీద బోర్లా పడి ఉంది.

"అది నువ్వే తీసుకో," అంది కోడల్ని చూడగానే. "నర్సమ్మ ఇంకా ఆరుకి పెట్టమనే చెప్పి వెళ్ళింది. నాలుగు చాలదట. నువ్వే పెట్టు. నాకొద్దు."

"అత్తయ్యా..."

"ఎందుకు నేర్పావే నాకు చదువు? రాకపోతే రంగు చూసి నొక్కేదాన్ని. రంగు లేకపోతే ఊరుకునేదాన్ని. రెండక్షరాలొచ్చాయని మిడిసిపడి, మనిషిని మింగబోయాను."

కోడలు ఆవిడ కుర్చీ పక్కన నేల మీద కూర్చుంది. దారి పొడుగునా చెప్పాలనుకున్నవి చాలా ఉన్నాయి. పెట్టె అనీ, ఎత్తు అనీ, ఇటుక కొలత అనీ. అవన్నీ పక్కన పెట్టింది.

"మీరు తప్పు చదవలేదు అత్తయ్యా. అక్కడ ఆరు అనే ఉంది. ఉన్నదే చదివారు. మాకందరికీ ఆ మాట ముందే తెలుసు కాబట్టి, లేని ఒత్తును కూడా చదివేసుకున్నాం. రంగు పోయిందని మీరు పొద్దున్నే అడిగారు. నేనే తరవాత అన్నాను."

అత్తగారు కొంగుతో కళ్ళద్దాలు తుడుచుకుంది.

మంచం మీదనుంచి మామగారు అన్నారు: "పంచాయితీ... తరవాత పెట్టుకోండి. నాకింకా... రెండు తక్కువున్నాయి."

"నీకు ఆత్రమెక్కువ," అంది అత్తగారు. ఆయన్ని నువ్వు అనడం కోడలు ఎప్పుడూ వినలేదు. విననట్టే ఉండిపోయింది.

"అమ్మాయి నొక్కితే... యంత్రం వినొచ్చు. నా ఊపిరి వినదు. అలవాటైన వేలే... కానీ."

అత్తగారు కోడలి వైపు చూసింది. కోడలు కిటికీ గట్టు మీది ఫోను తెచ్చి ఆవిడ చేతిలో పెట్టింది. అత్తగారు కళ్ళద్దాలు ముక్కు కొసకు దించుకుంది. యాప్ తెరిచింది. ముందుగా ఎర్ర మీట కనిపించింది. దాని మీద మాటను పెదాల మీదకు తెచ్చుకుంది.

"ని... లు... పు... ద... ల. నిలుపుదల." తలెత్తింది. "వద్దన్న మాటే పెట్టావా? బస్సు స్టాండు!"

"దానికి ఒత్తు లేదు అత్తయ్యా."

"నొక్కితే ఏమంటుంది?"

"గాలి ఆగిపోతుంది, సరేనా, అంటుంది."

"సరేనా ఏమిటి, దాని పళ్ళు రాలగొడతాను," అంది అత్తగారు. ఆ మీట మీదనుంచి వేలును దూరంగా జరుపుకుని, పక్కదాని దగ్గర ఆగింది. "పె... సున్నా... పెం. చు. పెంచు."

నొక్కలేదు. ఫోనును కాస్త పైకెత్తి, వంచి, అక్షరాల కింద చూసింది, ఏదైనా జారి కింద పడి ఉందేమోనన్నట్టు. గోటితో ప్రతి అక్షరం అడుగునా మెల్లిగా గీసి చూసింది. పెం కింద ఏమీ లేదు. చు కింద ఏమీ లేదు.

"ఏమీ లేదు కదా?" అంది.

"ఏమీ లేదు."

నొక్కింది. నాలుగు పోయి అయిదు వచ్చింది. వరండా తలుపు తీసే ఉంది, యంత్రం గొంతు ఒక మెట్టు పెరగడం ముగ్గురికీ వినబడింది. మళ్ళీ మాటను మొదటినుంచీ కూడబలుక్కుంది, మళ్ళీ అడుగున గోటితో గీసి చూసుకుంది. అప్పుడు నొక్కింది.

ఆరు అంకె తెర మీదకు వచ్చింది. అత్తగారు తెరను నమ్మలేదు. కుర్చీలోంచి లేచి, గోడ పట్టుకుని, పచ్చ దీపం చూడటానికి వరండా వైపు నడిచింది.